కత్తెర పడ్డాక అతకని గుడ్డ: నడివయసులో కంప్యూటర్ నేర్చుకున్న ఒక కార్మికురాలి కేస్ స్టడీ

చేతిపనుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆరోగ్యం వల్లనో పని దొరకకనో ఆఫీసు పనుల వైపు మళ్ళాలనుకునేవారికి మేము పధ్నాలుగు వారాల కంప్యూటర్ శిక్షణ, ఆ తరువాత పన్నెండు వారాల వేతనంతో కూడిన ఇంటర్న్‌షిప్ ఏర్పాటు చేస్తాము. ఇక్కడ రాస్తున్న కేసులో మేము రెండుసార్లు పొరబడ్డాము. మొదటిసారి ఆమె నెమ్మదిని అసమర్థత అనుకున్నాము. రెండోసారి ఆ నెమ్మదికి కారణం కనిపెట్టాక, దాన్ని తొలగించే తొందరలో సగం నిజాన్ని మాత్రమే నేర్పాము. శిక్షకులకూ, ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చే సంస్థలకూ ఉపయోగపడుతుందని దీన్ని వివరంగా నమోదు చేస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలిచ్చే వివరాలు కొన్ని తీసివేశాను, కొన్ని మార్చాను. నిర్ణయాలనూ వాటి వెనుక మేము అనుకున్నదాన్నీ మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

మా దగ్గరకు వచ్చేనాటికి ఆమె వయసు 46 ఏళ్ళు. చదువు పదో తరగతితో ఆగిపోయింది. దుస్తులు కుట్టే కర్మాగారంలో 19 ఏళ్ళు పనిచేశారు. తొలి పదకొండేళ్ళు కటింగ్ విభాగంలో, తరువాత ఎనిమిదేళ్ళు నాణ్యత తనిఖీలో. గంటల తరబడి నిలబడే పని వల్ల మోకాళ్ళు దెబ్బతిని, కూర్చుని చేసే పని చూసుకోమని డాక్టర్ చెప్పాక ఉద్యోగం మానుకున్నారు. ఫోనులో మెసేజీలు పంపడం, వీడియో కాల్ మాట్లాడటం తెలుసు. కంప్యూటర్ మీద చేయి వేయడం మాత్రం మా తరగతిలోనే మొదలు.

ఈ కేసుకు కీలకమైనది కటింగ్ విభాగంలో ఆమె గడిపిన కాలం. ఆ సంగతి చేరిక ఫారంలోనే ఉన్నా మేము చదివి పక్కన పెట్టేశాము. అక్కడ గుడ్డను ఒక పొర మీద ఒకటిగా పదుల పొరలు పరిచి, పైన నమూనా గీతలు పెట్టి, కరెంటు కత్తితో అన్నింటినీ ఒకేసారి కోస్తారు. కత్తి వేలెడంత పక్కకు జరిగితే పాడయ్యేది ఒక చొక్కా కాదు, ఆ పొరలన్నీ. అందుకే కత్తి ఆన్ చేసే ముందు గీతలు, పొరల లెక్క, అంచులు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవడం అక్కడ పనిలో భాగం. ఆ అలవాటు పదకొండేళ్ళలో ఆమె చేతికి పట్టుబడిపోయింది.

ఎదురైన సమస్య

నాలుగో వారం ముగిసేసరికి మా సహోద్యోగి ఒకరు ఆమె ఫైలులో ఇలా రాశారు: "హాజరు పూర్తిగా ఉంది, శ్రద్ధ ఉంది, వేగం లేదు. కొనసాగించాలో వద్దో ఆలోచించాలి." కాగితం మీది 20 వరుసల సరుకుల జాబితాను స్ప్రెడ్‌షీట్‌లోకి, అంటే కంప్యూటర్‌లోని గడుల పట్టికలోకి, ఎక్కించే అభ్యాసాన్ని తరగతిలో మిగిలినవారు 15 నుంచి 20 నిమిషాల్లో పూర్తి చేస్తుంటే, ఆమెకు 50 నిమిషాలకు పైగా పట్టేది. అదే ఫైలులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నాలుగు వారాల్లో ఆమె ఇచ్చిన ఏ పనిలోనూ ఒక్క తప్పు లేదు. మిగిలినవారందరి పనిలో తప్పులు ఉన్నాయి. ఆ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళం మాలో ఒక్కరమూ లేము, ఎందుకంటే మా మూల్యాంకన పట్టికలో వేగానికి ఒక గడి ఉంది, తప్పులకు ఒక గడి ఉంది, ఆ రెంటికీ మధ్య సంబంధం ఏమిటని అడిగే గడి లేదు.

ఏమి ప్రయత్నించాము, ఏవి ఫలించలేదు

మొదట అందరికీ తట్టే కారణమే మాకూ తట్టింది, టైపింగ్ రాకపోవడం. రోజుకు గంట చొప్పున మూడు వారాలు అదనంగా టైపింగ్ సాధన చేయించాము. నిమిషానికి 9 పదాలు కొట్టేవారు 16కు వచ్చారు. టైపింగ్ వేగం అంతగా పెరిగినా 20 వరుసల పనికి పట్టే సమయం 50 నిమిషాల నుంచి 46కు మాత్రమే తగ్గింది. అసలు కారణం టైపింగే అయితే సమయం ఇంతకన్నా చాలా తగ్గాలి కదా. ఆ మూడు వారాలు వృథా కాలేదు, ఒక అనుమానాన్ని కొట్టివేయగలిగాము.

తరువాత కళ్ళ సంగతి చూశాము. నలభైలు దాటాక దగ్గరి చూపు తగ్గడం సహజం. ఆమె వాడేవి రెండు భాగాల కళ్ళద్దాలు; పై భాగం దూరానికి, కింది భాగం పుస్తకం పట్టుకునేంత దగ్గరకు. కంప్యూటర్ తెర ఉండే దూరం ఆ రెండింటిలో దేనికీ సరిపోదు. అందుకని ఆమె గడ్డం పైకెత్తి, అద్దం కింది భాగంలోంచి తెర చూస్తూ పనిచేసేవారు. మధ్యాహ్నానికి మెడ పట్టేసేది. తెరను కిందికి దించి, కాస్త దగ్గరకు జరిపి, అక్షరాల పరిమాణాన్ని 130 శాతానికి పెంచి, మౌస్ బాణం గుర్తును పెద్దది చేశాము. మెడనొప్పి పోయింది, సమయం 40 నిమిషాలకు వచ్చింది. నడివయసువారికి నేర్పే ప్రతి చోటా మొదటి రోజే చేయవలసిన పని ఇది. మేము ఏడో వారంలో చేశాము.

మూడోది, జంటగా కూర్చోబెట్టడం. చురుకైన ఒక యువ అభ్యర్థి పక్కన ఆమెను కూర్చోబెడితే చూసి నేర్చుకుంటారనీ, ధైర్యం వస్తుందనీ అనుకున్నాము. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో, ఒక పని తాను చేయగలననే నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందని ప్రతిపాదించాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేయగా చూడటం, ఇతరులు ప్రోత్సహించడం, తన శరీరమూ మనసూ ఆ సమయంలో ఉన్న స్థితి. వీటిలో అన్నింటికన్నా బలమైనది మొదటిదేనని కూడా అన్నాడు. మా జంట ఏర్పాటులో జరిగింది దానికి సరిగ్గా విరుద్ధం. ఆమె కాస్త ఆగగానే ఆ యువకుడు మంచి మనసుతోనే మౌస్ అందుకుని పని పూర్తి చేసేవాడు. వారం గడిచేసరికి ఆమె చేయి మౌస్ మీదకు వెళ్ళడమే తగ్గింది. అతడు ఆమెకు తోటివాడు కాడు, ఫోనూ కంప్యూటరూ చేతిలో పెట్టుకుని పెరిగినవాడు. అతడు చేయడం చూస్తే తానూ చేయగలనని ఆమెకు ఎందుకు అనిపించాలి? ఆ ఏర్పాటును ఆపేశాము.

ఎనిమిదో వారంలో గడియారం పక్కన పెట్టి, ఒక పూటంతా ఆమె పక్కన ఊరికే కూర్చున్నాను. ఆమె కాగితం చూసి ఒక అంకె కొట్టేవారు. మళ్ళీ కాగితం చూసేవారు. మళ్ళీ తెర చూసేవారు. ఎడమచేతి చూపుడువేలు కాగితం మీద ఆ అంకె కిందే ఆగి ఉండేది, కుడిచేయి ఎంటర్ కీ పైన గాలిలో ఆగి ఉండేది. పెదవులు కదిలేవి, అంకెలు ఒక్కొక్కటిగా చదువుకునేవారు. అప్పుడు నా వైపు ఒకసారి చూసి ఎంటర్ కొట్టేవారు. ప్రతి గడికీ ఇంతే. ఎందుకు ఆగుతున్నారని అడిగాను.

"ఎంటర్ కొట్టేశాక మార్చలేం కదా మేడమ్, అందుకని కొట్టకముందే చూసుకుంటున్నాను," అన్నారు.

కంట్రోల్ జెడ్ నొక్కితే చేసినదాన్ని వెనక్కి తీసుకోవచ్చని రెండో వారంలోనే చెప్పాము. ఒక పట్టికలో, మరో ఇరవై కీబోర్డు సంకేతాల మధ్య ఒక పంక్తిగా చెప్పాము. అది ఆమె నోట్‌బుక్‌లో ఉంది, అడిగితే ఒప్పజెప్పగలరు కూడా. అయితే తప్పు అనే మాటకు ఇక్కడ ఆమె ఎరిగిన అర్థం లేదని, కోసిన గుడ్డ ఇక్కడ మళ్ళీ అతుకుతుందని ఆమెతో ఎవరూ అనలేదు. ఆమెది మందబుద్ధి కాదు, తన పాత పనిలో ఎంతో అవసరమైన జాగ్రత్తనే ఆమె ఇక్కడికీ తెచ్చుకున్నారు.

మరుసటి రోజు ఒక ఫైలుకు నకలు తీసి ఆమె చేతికిచ్చి, దీన్ని పాడుచేయండి అన్నాను. ఆమె పది నిమిషాలపాటు ఏ కీ ముట్టుకోలేదు. చివరికి ఒక నిలువు వరుసను మొత్తం తుడిచేశారు, కంట్రోల్ జెడ్ నొక్కారు, వరుస తిరిగొచ్చింది. మళ్ళీ తుడిచారు, మళ్ళీ తెచ్చారు. మేము వాడే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం ఎక్సెల్ మామూలుగా చివరి 100 మార్పుల వరకు వెనక్కి వెళ్ళనిస్తుంది. ఆమె లెక్కపెడుతూ ముప్పై దాకా వెళ్ళి ఆగారు. ఆ వారమంతా రోజూ అరగంట ఇదే తరగతి. పదో వారానికి 20 వరుసల పని 22 నిమిషాల్లో అయింది. జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన బోధనా సిద్ధాంతం ప్రకారం, నేర్చుకునేటప్పుడు మనసు ఒకేసారి మోయగలిగే బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఇన్ని వారాలూ ఆమె మనసులో ఎక్కువ చోటు భయానికే పోయిందని, అది ఖాళీ అయ్యాకే పాఠానికి చోటు దొరికిందని నాకు అర్థమైంది. ఇక దారి దొరికిందనుకున్నాను. తొందరపడ్డాను.

మొదటి ఇంటర్న్‌షిప్

సరుకు నిల్వ చేసి పంపిణీ చేసే ఒక సంస్థ ఆఫీసులో ఆమెకు ఇంటర్న్‌షిప్ కుదిరింది. మూడో వారంలో, నలుగురు వాడే ఒక ఫైలులో సరుకుల పేర్లను అక్షరక్రమంలో పెట్టమని చెప్పారు. ఆమె పేర్ల నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని సార్ట్ నొక్కారు. అలాంటప్పుడు ఎక్సెల్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: పక్క వరుసలను కూడా కలుపుకోవాలా, ఎంచుకున్న దానితోనే కొనసాగాలా అని. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు వాక్యాల్లో, తాను ఎంచుకున్నది పేర్లనే కాబట్టి, రెండోదే సరైనదనుకుని నొక్కారు. పేర్లు వరుసగా వచ్చాయి. వాటి పక్కనున్న పరిమాణాలు, కోడ్‌లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. ఫైలు సేవ్ చేసి మూసేశారు.

రెండు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడానికి కారణం ఉంది. పరిమాణాల నిలువు వరుసను కూడితే మొత్తం ఎప్పటిలాగే వచ్చింది, ఎందుకంటే ఆ అంకెలు కదలనేలేదు. పేరుకూ అంకెకూ మధ్య బంధం తెగింది, ఏ అంకే మారలేదు. ఒక ఆర్డరు తప్పుగా వెళ్ళాక విషయం బయటపడింది. అప్పటికి కంట్రోల్ జెడ్ పనిచేయదు, ఫైలు మూసిన క్షణంలోనే ఆ చరిత్ర పోయింది. వారం కిందటి నకలు నుంచి వాళ్ళు మళ్ళీ నమోదు చేసుకోవలసి వచ్చింది. ఆమెకు కంప్యూటర్ పని ఆపేసి కాగితాలు సర్దే పని ఇచ్చారు. అయిదో వారంలో మేమే ఆమెను వెనక్కి పిలిపించాము. తిరిగి వచ్చాక ఆమె మూడు రోజులు కీబోర్డు ముట్టుకోలేదు.

ఆ సంస్థలో లోపాలు ఉన్నాయి. సందేహం వస్తే ఎవరిని అడగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పర్యవేక్షకుడు ఎప్పుడూ ఫోనులోనే ఉండేవారు. అయినా పెద్ద పొరపాటు నాది. కంప్యూటర్‌లో ఏదైనా వెనక్కి తీసుకోవచ్చని నేను ఆమెను నమ్మించాను. అది నిజం కాదు. మూసిన ఫైలు, పాతదాని మీద సేవ్ చేసిన కొత్తది, నలుగురు ఒకేసారి రాస్తున్న షీట్, పంపేసిన మెయిల్, వీటన్నింటి దగ్గరా ఆమె పాత జాగ్రత్త అచ్చంగా అవసరం. భయాన్ని తీసేశాను గాని, ఎక్కడ జాగ్రత్తపడాలో, ఎక్కడ అక్కర్లేదో చెప్పే హద్దుగీతను ఆమె చేతికి ఇవ్వలేదు.

ఏది పనిచేసింది

ఆ దశలో మా ముందు మూడు దారులున్నాయి: వెంటనే మరో సంస్థకు పంపడం, మళ్ళీ తరగతికి తేవడం, కంప్యూటర్ అక్కర్లేని కూర్చునే పని వెతకడం. మూడోదే ఆమెకు మేలని ఒక సహోద్యోగి గట్టిగా వాదించారు. ఆ వాదన తేలికగా తోసిపుచ్చదగింది కాదు. రెండోసారి కూడా ఓడిపోతే ఆ దెబ్బ నుంచి ఆమె కోలుకోవడం కష్టం. నన్ను నిర్ణయానికి తెచ్చింది ఆమె మాటే. జరిగిన తప్పును తెర మీద చూపించి వివరిస్తుంటే, నేను సగంలో ఉండగానే ఆమె అందుకున్నారు: "ఇది పొరలు కలిసిపోవడమే కదా మేడమ్. నంబరు వేయకుండా ముక్కలు కలిపేసినట్టు."

కటింగ్ విభాగంలో కోసిన ప్రతి ముక్కకూ పొర నంబరు వేస్తారు. ఒకే గుడ్డలోనైనా పొరకూ పొరకూ రంగులో సన్నని తేడా ఉండవచ్చు. ఏడో పొర చేతులు ఏడో పొర ఒంటికే కుట్టాలి, లేకపోతే చొక్కా తయారయ్యాక చేతులు ఒక ఛాయలో, ఒళ్ళు ఒక ఛాయలో కనిపిస్తాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక అడ్డు వరుస అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే పోలిక నాకు ఏ శిక్షణ పుస్తకంలోనూ దొరకలేదు. ఇది తెలిసిన మనిషికి స్ప్రెడ్‌షీట్ రాదని ఎలా అనగలం? మూడు వారాలు తరగతికి తెచ్చి, ఆ తరువాత మరో సంస్థకు పంపాలని నిర్ణయించాము.

ఆ మూడు వారాల పాఠాన్ని ఆమె పాత పని మీదే కట్టాము. ఏ ఫైలు చేతికి వచ్చినా ముందు నకలు. తరువాత ఎడమవైపు మొదటి నిలువు వరుసగా వరుస సంఖ్యలు, అంటే పొర నంబర్లు. సార్ట్ చేశాక అవసరమైతే ఆ సంఖ్యల ప్రకారం మళ్ళీ పాత క్రమానికి రావచ్చు. సరిచూసే పద్ధతి ఆమే చెప్పారు: కోసిన కట్టలో పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి నమూనాతో పోల్చుతారట. అదే విధంగా సార్ట్‌కు ముందు మూడు వరుసలను పూర్తిగా కాగితం మీద రాసుకుని, సార్ట్ అయ్యాక వెతికి పోల్చడం మొదలుపెట్టారు. మొత్తం కూడికకు దొరకని తప్పు ఈ మూడు వరుసలకు దొరుకుతుంది. మా పాఠ్యక్రమంలో అప్పటివరకు ఉన్న తనిఖీ మొత్తం కూడిక ఒక్కటే.

గడిలో అంకె ఎక్కడ నిలబడిందో చూడటం కూడా నేర్పాము. మామూలుగా ఎక్సెల్ అంకెలను కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు జరుపుతుంది. ఒక అంకె ఎడమవైపు నిలబడి ఉంటే, చూడటానికి అంకెలాగే ఉన్నా ఎక్సెల్ దాన్ని అక్షరంగా తీసుకున్నదని అర్థం; మొత్తం కూడేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. కోడ్‌ల ముందుండే సున్నాలు మాయమవడం, 15 అంకెలు దాటిన సంఖ్యలో ఆ తరువాతి అంకెలు సున్నాలైపోవడం, 03/04 అని రాసిన తేదీ ఏ నెలదో తెలియకపోవడం కూడా చూపించాము. వంకర కుట్టును మూరెడు దూరం నుంచి పట్టుకునే కన్ను ఆమెది. ఎడమకు జరిగిన అంకె ఆ కంటికి వెంటనే చిక్కేది.

రెండో సంస్థతో ఒప్పందం వేరుగా రాసుకున్నాము. మొదటిదానిలో గంటలు, వేతనం, హాజరు తప్ప మరేమీ లేవు. ఈసారి సందేహాలు అడగడానికి ఫలానా వ్యక్తి అని పేరు రాయించాము, ఉదయం పావుగంట, మధ్యాహ్నం పావుగంట అందుకే కేటాయించమన్నాము. మధ్యలో వచ్చిన సందేహాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని ఆ సమయంలో అడగాలి. అడిగినందుకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు, అది పనివేళలో భాగమే. మొదటి వారం నకలు ఫైళ్ళ మీదే పని. రెండో వారం నుంచి ఉమ్మడి ఫైలు, పక్కన ఒకరు ఉండగా. మెయిల్స్ రాయడమే ఆమె పని, పంపే ముందు ఒకరు చూస్తారు. వీటన్నింటికీ ఆ సంస్థ మొదట వెనుకాడింది. రోజుకు అరగంట ఎవరిదైనా సమయం పోవడమంటే వాళ్ళకు నిజమైన ఖర్చే. నెల తరువాత ఇబ్బందిగా ఉంటే ఆపేయవచ్చని చెప్పి ఒప్పించాము.

ఆరో వారంలో ఆమె సరుకుల ఫైలులో 11 గడులలో అంకెలు ఎడమవైపు నిలబడి ఉన్నాయని గుర్తించారు. వేరే ప్రోగ్రాం నుంచి తెచ్చి అతికించినప్పుడు అవి అక్షరాలుగా వచ్చాయి. ఆ 11 రకాల సరుకులు ఉండీ మొత్తంలో లెక్కకు రాలేదు. ఆ మధ్యాహ్నం పావుగంటలో నోట్‌బుక్ తెరిచి ఆ గడుల చిరునామాలు వరుసగా చదివారట. ఇంటర్న్‌షిప్ ముగిశాక ఆ సంస్థ ఆమెను సగం రోజు ఉద్యోగానికి తీసుకుంది, అయిదు నెలల తరువాత పూర్తి రోజుకు మార్చింది.

పాఠాలు, మిగిలిన చిక్కులు

చేరిక ఫారంలో ఇప్పుడు ఒక ప్రశ్న కలిపాము: మీ పాత పనిలో తప్పు జరిగితే ఏమయ్యేది? సమాధానాన్ని శిక్షకులు అభ్యర్థి ఎదుటే చదువుతారు. ఇంట్లో మంచాన పడినవారికి సేవలు చేసి వచ్చిన ఒకరు మందు మోతాదు గురించి చెప్పారు, బండి నడిపి వచ్చిన ఒకరు బ్రేకు గురించి చెప్పారు. వాళ్ళకు కీబోర్డు ముందు చేయి ఎందుకు ఆగుతుందో మొదటి రోజే మాకు తెలుస్తుంది. రెండో వారంలో నకలు ఫైలును పాడుచేసే తరగతి అందరికీ ఉంది, ఆ వెంటనే వెనక్కి రాని పనుల తరగతి కూడా ఉంది. ఆ రెంటినీ విడదీసి చెప్పకూడదని మా నియమం. మూల్యాంకనంలో సమయాన్ని, తప్పులను ఇప్పుడు ఒకే గడిలో పక్కపక్కన రాస్తాము. నెమ్మదిగా ఉండి తప్పులు లేనివారిని వేగం లేనివారిగా లెక్కించడం మానేశాము.

అన్నీ సర్దుకోలేదు. ఒప్పందంలో అడిగే సమయం రాయించే షరతు పెట్టాక ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చే సంస్థల సంఖ్య తగ్గింది, కొందరు అభ్యర్థులు ఎక్కువ కాలం ఎదురుచూడవలసి వస్తోంది. ఈ షరతు సరైనదేనని నా అభిప్రాయం. ఎదురుచూసేవారికి ఆ మాట చెప్పడం మాత్రం కష్టంగా ఉంది.

ఆమె టైపింగ్ ఇప్పటికీ నిమిషానికి 22 పదాల దగ్గరే ఉంది, ఆ ఉద్యోగానికి అది చాలుతోంది. ఆఫీసు మెయిల్స్ రాయడం ఇంకా ఇబ్బందే. తరచుగా అవసరమయ్యే ఏడెనిమిది మెయిల్స్‌కు నమూనాలు తయారుచేసి ఇచ్చాము, వాటిని మార్చుకుని వాడుకుంటున్నారు. పంపు బటన్ దగ్గరకు వచ్చేసరికి ఆమె కుడిచేయి ఇప్పటికీ ఆగుతుంది, పెదవులు కదులుతాయి, ఎవరికి వెళ్తోందో ఆ పేరు ఒకసారి చదువుకుంటారు. ఆ అలవాటు మాన్పించమని ఆమె పర్యవేక్షకురాలు మమ్మల్ని ఒకసారి అడిగారు. వద్దని చెప్పాము.